సున్నం మీట, కాచు మీట

ముందుగా ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. ఇలాంటి చిన్న పనులకు దేవుణ్ణి సాక్ష్యానికి పిలవడం మర్యాద కాదు గనక నా కుడిచేతి మీద, ఆ చేతిలోని కలం మీద, రోజూ పొద్దున్నే నాకు ప్రాణం పోసే అల్లం టీ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. కట్టలేరు వాగులో నేను పట్టానన్న చేప గురించీ, గంపలగూడెం రోడ్డులో నా పక్కన నడిచొచ్చిన తలలేని మనిషి గురించీ మీలో కొందరికి అనుమానాలున్నాయని తెలుసు. ఆ లెక్కలు మరోసారి తేల్చుకుందాం. ఇది మా దాదీ కథ. మా నాన్నగారి అమ్మ కథ. ఆవిడ గురించి ఎక్కువ చేసి చెప్పాల్సిన అవసరం మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఎదుటివాడు నమ్మాలంటే నిజాన్నే కాస్త తగ్గించి చెప్పుకునేవాళ్ళం.

పోయిన నెల తిరువూరు వెళ్ళాను. మెయిన్ రోడ్డు మీద మా పాత లారీ బుకింగ్ ఆఫీసును మా పెద్దబ్బా మనవడు సెల్‌ఫోన్ల దుకాణంగా మారుస్తున్నాడు. పెద్దబ్బా అంటే మా నాన్నగారి అన్న. మేస్త్రీ నడవా గోడ గీకుతుంటే నీలం సున్నం కింద ఆకుపచ్చ సున్నం, దాని కింద పసుపు, ఇలా పొర వెనక పొర రాలిపడుతోంది. అన్నిటికన్నా అడుగున, మంచం మీద కూర్చున్న మనిషి చెయ్యి చాపితే అందే ఎత్తులో, గోడలో దిగగొట్టిన నాలుగు చెక్కముక్కలు బయటపడ్డాయి. ఒక్కోదాని మధ్యలో స్క్రూ కన్నం. "చాచా, ఇక్కడేముండేది? అద్దమా?" అని అడిగాడు కుర్రాడు. "మీ తాత వాళ్ళమ్మ చెవి ఉండేదిరా ఇక్కడ" అన్నాను. నేనేదో మొదలుపెట్టాననుకుని నవ్వేసి తన అద్దాల బీరువాల దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ చెక్కముక్కల మీద వేలు పెట్టి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆ రోజుల్లో మా ఇల్లూ వ్యాపారమూ ఒకే పొడుగాటి స్థలంలో ఉండేవి. రోడ్డు మీద ఆఫీసు గది. అక్కడ పెద్దబ్బా కూర్చుని లారీలు బుక్ చేసేవాడు. దాని వెనక ఒక నడవా, ఇల్లు. ఇల్లు దాటితే వెనక వీధి దాకా లారీలు నిలిచే దొడ్డి, దొడ్డి చివర రేకుల గది. అది మా అబ్బా, అంటే మా నాన్నగారి, రాజ్యం. విస్సన్నపేట వైపు తోటల నుంచి బళ్ళ మీద వచ్చే మామిడికాయలు అక్కడే గడ్డిలో పేర్చి లారీలకెక్కించేవారు. వేసవి వచ్చిందంటే ముందు నుంచి డీజిలు వాసన, వెనక నుంచి వరిగడ్డీ మామిడి జీడీ కలిసిన వాసన వచ్చి నడవాలో కలుసుకునేవి. ఆ రెండు వాసనలూ కలిసేచోట మా దాదీ మంచం ఉండేది. ఆవిడ అటు ఆఫీసులోకీ వెళ్ళేది కాదు, ఇటు దొడ్డిలోకీ వచ్చేది కాదు. పరదా వెనక, ఒళ్ళో తమలపాకుల డబ్బా పెట్టుకుని, అడకత్తెరతో వక్కలు కత్తిరించుకుంటూ ఉండేది. ఆ అడకత్తెర చప్పుడు ఆగితే ఇంట్లో అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయేవాళ్ళం. ఆవిడ ఏదో వింటోందన్నమాట.

మా తాత చిన్న వయసులోనే పోతే ఇద్దరు కొడుకుల్నీ ఆవిడే పెంచింది. ఇద్దరికీ ఒకే పళ్ళెంలో పెట్టేది. కళాయి పూసిన పెద్ద రాగి పళ్ళెం. దానికి ఈ పక్క పెద్దోడు మస్తాన్, ఆ పక్క చిన్నోడు సుభానీ. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, ఒకరికి పొట్ట వచ్చింది, ఒకరికి జుట్టు పోయింది, పళ్ళెం మాత్రం మారలేదు. మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చి అన్నదమ్ములిద్దరూ నడవాలో చాప మీద ఎదురెదురుగా కూర్చుంటే దాదీ వడ్డించేది. మంచి ముక్క ఎవరి వైపు పడితే వాడు దాన్ని వేలితో రెండోవాడి వైపు తోసేవాడు. అది మళ్ళీ ఇటొచ్చేది. ఒక్కోరోజు ఆ ముక్క ఎవరూ తినకుండానే మిగిలిపోయేది, మా పిల్లల అదృష్టం కొద్దీ.

ఇక ఫోను. అది లేక మేం పడ్డ పాట్లు ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు. లారీ నాగపూర్ చేరిందో లేదో ఎదురొచ్చే లారీవాడు చెప్పాలి. అక్కడ సేట్ సరుకు వద్దంటున్నాడా కావాలంటున్నాడా తెలియాలంటే పోస్టాఫీసుకు పోయి ట్రంక్ కాల్ చెప్పుకుని, బెంచీ మీద కూర్చుని, పిలుపు వచ్చేసరికి మర్చిపోయిన విషయం గుర్తు చేసుకుని అరవాలి. మొదటిసారి నేనూ వెళ్ళాను. అప్పుడు నాకు పద్దెనిమిదో పంతొమ్మిదో. రిసీవరు చెవికి పెట్టుకుంటే ముందు సముద్రం వినిపించింది. నేను అప్పటికి సముద్రం చూడలేదు, అయినా అది సముద్రమే. ఆ హోరు అడుగు నుంచి "హలో" అని ఒక మనిషి పైకి తేలాడు. అన్ని అడవులూ నదులూ దాటి ఒక సన్నటి తీగ మీద నడుచుకుంటూ వచ్చి నా చెవిలో నిలబడ్డాడు. నా ఒళ్ళు ఝల్లుమంది. చెప్పాల్సిన మాట చెప్పకుండా "మీరు బాగున్నారా?" అని అడిగి పెట్టేశాను. ఆ రోజు అబ్బా నన్ను తిట్టిన తిట్లు ఏ తీగా లేకుండానే విస్సన్నపేట దాకా వినిపించి ఉంటాయి.

ఫోనున్న బెజవాడ ఆఫీసుల వైపు మా వ్యాపారులు ఒక్కొక్కరే జారుకుంటున్న సమయంలో, ఎన్నాళ్ళ కిందటో పెట్టుకున్న అర్జీకి మోక్షం కలిగింది. లైను చూసిపోవడానికి దేవదానం గారు సైకిలు మీద వచ్చారు. టెలిఫోన్ల మనిషి, ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి, మా ఇంటి టీ అంటే ప్రాణమిచ్చే మనిషి. టీ గ్లాసు పట్టుకుని నడవాలో నిలబడి అడిగారు.

"మస్తాన్ గారూ, ఫోను ముందు గదిలో పెట్టమంటారా, వెనక రేకుల గదిలోనా?"

"ముందే పెట్టండి. బుకింగంతా ఇక్కడే కదా" అన్నాడు పెద్దబ్బా.

"నాగపూర్ సేట్ కాయ ఎట్టా ఉందని అడిగితే ఏం చెప్తావ్, భాయ్?" అన్నాడు అబ్బా. "ఒక్క నిమిషమాగండి, మా తమ్ముణ్ణి కేకేస్తానంటావా? నేను దొడ్డి చివర్నుంచి పరిగెత్తుకొచ్చేసరికి ట్రంక్ కాల్‌కిచ్చే మూడు నిమిషాలూ అయిపోతాయ్."

"పోనీ ఇంకో లైను తీసుకోండి" అన్నారు దేవదానం గారు.

"అది ఎప్పుడొస్తుంది?"

ఆయన పైకి చూసి, "ప్రభువు రెండో రాకడ కంటే ముందే వస్తుందనుకుంటున్నానండి" అన్నారు. అందరూ నవ్వారు. అదే ఆ ఇంట్లో ఆ వేసవికి ఆఖరి నవ్వని ఎవరికీ తెలియదు.

"ఎక్స్‌టెన్షన్ అని ఒకటుందండి" అని మొదలుపెట్టారాయన. లైను ముందు ఒక ఫోనులోకి వస్తుంది. దాని పక్కన ఒక మీట ఉంటుంది. కాల్ ఇటువాళ్ళకైతే ఇక్కడే మాట్లాడొచ్చు, అటువాళ్ళకైతే మీట తిప్పి రెండో ఫోనుకు ఇవ్వొచ్చు. అబ్బా కళ్ళు మెరిశాయి. తల ఊపుతూ విని, మామూలుగానే, ఏ దురుద్దేశమూ లేకుండా ఒక్క ప్రశ్న అడిగాడు.

"నేను వెనక మాట్లాడేది ముందున్నాయనకు వినపడుద్దా?"

"వినాలనుకుంటే వినొచ్చండి. మీట సగంలో ఆపితే సరి."

దాదీ అడకత్తెర ఆగింది. పెద్దబ్బా మెల్లగా టీ గ్లాసు కింద పెట్టాడు.

"నేను వింటానని ఎందుకనుకున్నావ్, సుభానీ?"

"అయ్యో, నేనెక్కడన్నాను భాయ్! ఊరికే అడిగాను."

"ఊరికే ఎవరూ అడగరు. మనసులో ఉంటేనే అడుగుతారు. సరే, ఆ మీట ఉండే ఫోను నువ్వే వెనక పెట్టుకో. నేను ఎవరితో ఏం మాట్లాడినా నువ్వే విను. నాకు దాచుకునేదేం లేదు."

"అంటే నాకుందా, దాచుకునేది?"

దేవదానం గారు టీ సగంలో వదిలేసి సైకిలెక్కారు. ఆయన మా ఇంట్లో టీ వదిలెయ్యడం అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం దాదీ రాగి పళ్ళెంలో వడ్డించి పిలిస్తే పెద్దబ్బా వచ్చి చాప మీద కూర్చోలేదు. "అమ్మా, నాకు వేరే పళ్ళెంలో ఆఫీసు గదిలోకి పంపించు" అన్నాడు. అంతే. గట్టిగా కూడా అనలేదు. మా పెద్దమ్మా, మా అమ్మా వంటింట్లో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేరే పళ్ళెం తరువాత వేరే పొయ్యి, వేరే పొయ్యి తరువాత నడవా మధ్యలో గోడ, గోడ తరువాత లారీల మీద వేరే పేర్లు. మా వీధిలో వ్యాపారాలు అలాగే విడిపోయాయి, అందరం చూశాం. ఫోను వస్తే వ్యాపారం నిలబడుతుందనుకుంటే, తీగ కూడా లాగకముందే అది మధ్యకు చీలడానికి సిద్ధమైంది. నాలుగు రోజులకే పెద్దబ్బా కొబ్బరితాడు తెప్పించి నడవా కొలవడం నేను కళ్ళారా చూశాను.

ఇద్దరికీ మాటలు లేకపోవడంతో మధ్యలో నాకు పెద్దరికం వచ్చింది. బెజవాడ ఆఫీసుల్లో ఏం పెట్టుకున్నారో చూసి రమ్మని ఇద్దరూ విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఒకరు, నన్నే పంపారు. వెళ్ళాను. ఒక పెద్ద ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో, మెట్ల కింద గూటిలో, గోడకు బిగించిన చెక్కపెట్టె ముందు ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పెట్టెకు వరసగా మీటలు, పక్కన తిప్పే పిడి. బయటి నుంచి ఏ కాల్ వచ్చినా ముందు ఆయన దగ్గరికే. ఆయన ఒక మీట నొక్కితే మేడ మీద మోగుతుంది, ఇంకోటి నొక్కితే గోడౌన్లో మోగుతుంది. రెండూ కలిపి నొక్కితే మేడ మీదివాడూ గోడౌన్లోవాడూ మెట్లు దిగకుండానే మాట్లాడుకుంటారు. ఓనరు కూడా ఆయన్ని "ఏమండీ" అంటున్నాడు. నేను బెంచీ మీద కూర్చుని నోరు తెరుచుకుని చూశాను. ఊళ్ళను కలిపే మనిషి సింహాసనం మీద ఉంటాడనుకున్నాను, మెట్ల కింద బనీనుతో ఉన్నాడు.

ఇంటికొచ్చి దాదీ మంచం పక్కన నిలబడి, ఇద్దరికీ వినపడేలా ఈ సంగతి చెప్పాను. దేవదానం గారు కూడా పిలిపిస్తే వచ్చారు, ఈసారి గ్లాసు ముట్టుకోకుండా. "అట్లాంటిది చిన్నది ఉందండి. ఒక లైను, రెండు ఎక్స్‌టెన్షన్లు. అయితే దానికి ఎప్పుడూ ఒక మనిషి కూర్చోవాలి" అన్నారు.

"ఎవర్ని పెట్టినా వాడు మన మాటలన్నీ వింటాడు కదా" అన్నాడు అబ్బా, గోడవైపు చూస్తూ.

"బయటివాడు వింటే పర్లేదంట, అన్న వింటేనే తప్పంట" అన్నాడు పెద్దబ్బా, ఎదుటి గోడవైపు చూస్తూ.

అప్పుడు పరదా వెనక నుంచి దాదీ గొంతు వచ్చింది. "దేవదానం, ఆ పెట్టె బరువెంతయ్యా?"

"గోడకు బిగిస్తామండి, మామ్మగారూ. బరువుతో పనేముంది?"

"అయితే ఈ గోడకు బిగించు. నా చెయ్యి అందేటట్టు."

"నువ్వా!" అన్నారు కొడుకులిద్దరూ. ఎన్నో రోజుల తరువాత ఇద్దరూ కలిసి అన్న మాట అది.

"నేనే. మీరు మాట నేర్చుకునేటప్పుడు ఎవరు విన్నారు? మీ అబద్ధాలు ఎవరు విన్నారు? మీ గురక ఎవరు వింటున్నారు? ఇప్పుడు కొత్తగా నేను వింటే ఏంటంట? నీకేమన్నా అభ్యంతరమా, మస్తాన్?"

పెద్దబ్బా తల దించుకున్నాడు. "లేదమ్మా."

"నీకురా, చిన్నోడా?"

అబ్బా కూడా తల దించుకున్నాడు. దేవదానం గారు గ్లాసు అందుకున్నారు.

పెట్టె వచ్చింది. దాదీకి ఖురాను చదవడం వచ్చు గానీ మీటల పక్కనున్న అంకెలు రావు. దేవదానం గారు నేర్పబోతే ఆగమంది. తమలపాకుల డబ్బా తెరిచి, ముందు గది మీట మీద సున్నంతో ఒక చుక్క, రేకుల గది మీట మీద ఆకుల్లో రాసుకునే కాచుతో ఒక చుక్క పెట్టింది. తెల్ల చుక్క పెద్దోడు, ఎర్ర చుక్క చిన్నోడు. ప్రతి శుక్రవారం ఆ చుక్కలు తుడిచి కొత్తవి పెట్టేది. మొదటి కాల్ మోగినప్పుడు ఇల్లంతా నడవాలో గుమిగూడింది. ఆవిడ కొంగు తలమీదికి లాక్కుని, రిసీవరు రెండు చేతులా పట్టుకుని, కాసేపు ఆ సముద్రాన్ని విని, "సలాం బేటా, భోంచేశావా?" అంది. అవతల నాగపూర్ సేట్. ఆయన వ్యాపారంలో అంతవరకు ఆ ప్రశ్న ఏ ఆఫీసూ అడగలేదట. మళ్ళీ ఆయన సరుకు ఇంకెవరి దగ్గరా బుక్ చెయ్యలేదు.

నెల తిరిగేసరికి ఆవిడ ప్రతిభ బయటపడింది. ఇక్కడి నుంచి మీరు కనుబొమలు ఎగరేస్తారని తెలుసు, అందుకే నా టీని మరోసారి గుర్తు చేస్తున్నాను. డ్రైవరు హలో అన్న తీరుని బట్టి వాడు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో చెప్పేది. "లారీ పక్కకు పెట్టి పడుకో. సరుకు కంటే మీ అమ్మకు నువ్వే ముఖ్యం" అని కాల్ కట్ చేసేది. ట్రంక్ ఎక్స్ఛేంజి ఆపరేటర్లు వరసగా కాల్స్ కలుపుతూ మధ్యలో "మామ్మగారూ, మా బాబుకి దగ్గు తగ్గట్లేదండి" అనేవారు. వాము కషాయం ఎలా కాచాలో చెప్పేది. ఆ తరువాత మా ఆర్డినరీ కాల్స్‌కి అర్జెంటు కాల్స్ దారి ఇచ్చాయంటే ఆశ్చర్యమేముంది? ఒకసారి ఒక లారీ ఆదిలాబాదులో ఆగింది. డ్రైవరు దారిలో ఒక హోటలు నుంచి చేసి "అంతా బాగానే ఉంది, రేపు నాగపూర్ చేరతాం" అంటున్నాడు. దాదీ వాడి మాట వినట్లేదు. కళ్ళు మూసుకుని వాడి వెనక ఏదో వింటోంది. "లారీ నీకెంత దూరంలో ఉంది?" అంది. "ఇదిగో, కిటికీ అవతలే." "అయితే ఆ ఈగల మోత నీ లారీ మీదిదే. కాయ పండిపోయింది. రేపటిదాకా ఆగదు." వెంటనే కాచు మీట నొక్కింది. అబ్బా ఫోను మీదే అక్కడ ఒక వ్యాపారిని పట్టుకుని సాయంత్రంలోగా సరుకు దించేయించాడు. తార్పాలు విప్పితే కాయ పసుపెక్కి ఘుమఘుమలాడుతోందట. అన్ని ఊళ్ళ అవతల వాలిన ఈగను తిరువూరు నడవాలో కూర్చుని విన్న చెవి అది. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ రిసీవరు పెట్టేశాక దాన్ని తీసి వాసన కూడా చూశాను.

ఆ రోజు మధ్యాహ్నమే పెద్దబ్బా ఆఫీసు గదిలోంచి తన పళ్ళెం పట్టుకుని నడవాలోకి వచ్చాడు. దాన్ని గోడకు ఆనించి పెట్టి, రాగి పళ్ళేనికి తన పక్కన వచ్చి కూర్చున్నాడు. అబ్బా చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. కాసేపటికి ఒక ముక్కను వేలితో అటువైపు తోశాడు. అది ఇటొచ్చింది. మళ్ళీ అటు వెళ్ళింది. దాదీ వక్క కత్తిరించుకుంది. కొబ్బరితాడును ఎవరో చేద బొక్కెనకు కట్టేశారు. మా లారీల మీద పేరు మారలేదు. ఆ పెట్టె ఉన్నన్నాళ్ళూ, ఆవిడ ఉన్నన్నాళ్ళూ, తరువాత అన్నదమ్ములిద్దరూ ఉన్నన్నాళ్ళూ అదే పేరు.

ఇప్పుడు నా జేబులో ఉన్న ఫోనుకు తీగ లేదు, మీట లేదు, మధ్యలో వినేవాళ్ళు లేరు. ఎవరికి చేస్తే వాళ్ళే ఎత్తుతారు. మా పెద్దబ్బా మనవడి దుకాణంలో అలాంటివి గోడ నిండా వేలాడతాయట. మంచిదే. గొంతులు ఎంత స్పష్టంగా వస్తున్నాయంటే అవతలివాడు పక్క గదిలో ఉన్నట్టుంటుంది. నాకు ఆ హోరు మీద బెంగ. మాటకు ముందు వినిపించే ఆ సముద్రంలో, ఎంత దూరం నుంచి వస్తున్నాడో తెలిసేది. అంత దూరం వచ్చినవాణ్ణి భోంచేశావా అని అడగాలనిపించేది. ఈ మధ్య నేను ఎవరికి ఫోను చేసినా "ఎక్కడున్నావ్?" అనే అడుగుతున్నాను.

ఇక, ఒట్టు పెట్టిన చేతికీ, కలానికీ, ముఖ్యంగా టీకీ ముప్పు రాకుండా ఒక మాట ఒప్పుకోవాలి. ఇందులో ఒకటి నా కల్పన. ఈగలు కాదు. ఈగలు నిజం, సేట్ నిజం, వాము కషాయం నిజం, అంతకు రెట్టింపు నిజాలు మీరు తట్టుకోలేరని వదిలేశాను. పళ్ళెం అబద్ధం. పెద్దబ్బా నడవాలోకి రాలేదు. ఆ రోజే కాదు, చచ్చిపోయేదాకా తమ్ముడితో ఒక పళ్ళెంలో తినలేదు. అన్న మాట వెనక్కి తీసుకునే మనుషులు కారు మావాళ్ళు. జరిగింది ఇది. మధ్యాహ్నం నమాజయ్యాక ఇద్దరికీ ఎవరి గదిలోకి వాళ్ళకు పళ్ళేలు వెళ్ళేవి. అప్పుడు దాదీ పిడి తిప్పి, సున్నం మీటా కాచు మీటా రెండూ కలిపి నొక్కి, "ఇద్దరూ ఎత్తండ్రా" అనేది. ముందు గదిలో ఒకాయన, దొడ్డి చివర ఇంకొకాయన, రిసీవరు చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని అన్నం తినేవాళ్ళు. నడవాలో ఆవిడ కూడా రిసీవరు చెవిన పెట్టుకుని, తన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తినేది. ఆ సమయంలో బయటి నుంచి ఎవరు చేసినా ఆవిడ ఎత్తేది కాదు. ఎక్స్ఛేంజివాళ్ళే, "వాళ్ళు భోజనాల దగ్గరున్నారండీ, కాసేపాగి చెయ్యండి" అని చెప్పేవారు. ఒకరోజు ఆవిడ నీళ్ళకు లేస్తే నేను ఆ రిసీవరు తీసుకుని విన్నాను. "ఉప్పు సరిపోయిందా, భాయ్?" అంది ఒక గొంతు. "ఊఁ" అంది ఇంకో గొంతు. ఆ తరువాత అటు నమలడం, ఇటు నమలడం, అంతే. ఇది రాస్తే మీరు నమ్మరని పళ్ళెం కథ అల్లాను.